జనరల్‌గారి పేరు చెబితేనే వేడినీళ్ళు

కిందటి శనివారం మా అమ్మాయి కారు నడుపుతోంది. నేను పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతున్నాను. దానికి లైసెన్సు వచ్చి మూడు వారాలైంది. నాకు దైవభక్తి పెరిగి కూడా సరిగ్గా మూడు వారాలే. రేడియోలో ట్రాఫిక్ సంగతులు చెప్పే పెద్దమనిషి, ఫలానా జనరల్‌గారి వంతెన మీద ట్రక్కు అడ్డం తిరిగిందనీ, నలభై నిమిషాలు ఆలస్యమనీ పెళ్ళికబురు చెప్పినంత హుషారుగా చెప్పాడు.

"ఓ గాడ్, మళ్ళీ ఈయనే. డాడీ, హూ ఈజ్ దిస్ గై? ఎవ్రీ డే ప్రాబ్లమ్ చేస్తాడు" అంది మా అమ్మాయి.

రెండు వందల ఏళ్ళ కిందట పోయిన మనిషి మీద ఇవాళ్టికీ ఫిర్యాదులు వస్తున్నాయంటే, పేరు చిరస్థాయిగా నిలవడమంటే ఇదే కాబోలు.

ఆ జనరల్‌గారు పోలెండు దేశస్థుడు. తన దేశం స్వతంత్రంగా ఉండాలని కత్తి పట్టి, ఓడి, ఇల్లు వాకిలి వదిలి ఇక్కడికొచ్చాడు. అమెరికా వాళ్ళ స్వాతంత్ర్య యుద్ధంలో గుర్రపు దళాన్ని నడిపి, తనది కాని నేల మీద ఫిరంగి దెబ్బ తిని, నలభై నిండకుండానే పోయాడు. మనమైతే అలాంటి మనిషికి నాలుగు రోడ్ల కూడలిలో విగ్రహం నిలబెట్టి కాకులకు అప్పగిస్తాం. వీళ్ళు వంతెన కట్టి ట్రక్కులకు అప్పగించారు. వంతెన కింద రోడ్డుకీ ఆయన పేరే. రోడ్డు చివర మెకానిక్ షెడ్డుకీ, దాని పక్కన బట్టలుతికే దుకాణానికీ ఆయన పేరే. పోలెండు వాళ్ళు నాలుగిళ్ళు కట్టుకున్న ప్రతి ఊళ్ళోనూ ఆయన పేరు మీద ఒక వీధి ఉంటుంది.

న్యూజెర్సీలో ఫ్యాక్టరీల పొగ పట్టిన ఒక చిన్న ఊళ్ళో, అలాంటి ఒక వీధిలో, డెబ్భైల చివర మేం అద్దెకుండేవాళ్ళం. ఆ పేరు మాత్రం ఇక్కడ రాయను. భయం వల్ల కాదు, అనుమతి లేక. ఆ పేరు నా నోట సరిగ్గా పలికించాలని ఒక చలికాలమంతా పాఠం చెప్పి, చివరికి తానే ఓడిపోయి, "నువ్వు ఉత్త జనరల్ అను, చాలు. ఆయన అర్థం చేసుకుంటాడు" అని నాకు మినహాయింపు ఇచ్చిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన మా బిల్డింగు సూపర్.

ఇక్కడి అద్దె బిల్డింగుల్లో బాయిలరు, గొట్టాలు, తాళాలు, చెత్త, తగాదాలు అన్నీ చూసుకుంటూ కింద బేస్‌మెంట్‌లో కాపురముండే మనిషిని సూపరింటెండెంట్ అనాలి. అనే ఓపిక లేక సూపర్ అంటారు. మేం దిగిన రోజున పక్కింటావిడ "ఏదన్నా కావాలంటే మా సూపర్ ఉన్నాడు" అంటే, మా ఆవిడ నాతో తెలుగులో, "అడక్కుండానే మెచ్చుకుంటోంది, నిజంగా మంచివాడే అయ్యుంటాడు" అంది.

ఆయన మొదటిసారి నా మొహం చూడలేదు. కాళ్ళు చూశాడు. నవంబరు నెల. నేను రెండు సూట్‌కేసులు మోసుకుంటూ చెప్పులతో వస్తున్నాను. వీధి మలుపు నుంచి గుమ్మం దాకా నడిచినంతసేపూ ఆయన మెట్ల మీద నిలబడి నా పాదాలనే చూశాడు. తర్వాత ఏదో దొరక్కుండా పోయినట్టు మొహం పెట్టి తాళంచెవులు నా చేతిలో పెట్టాడు. చెప్పులు చూసి చిన్నచూపు చూశాడనుకుని ఆ సాయంత్రమే బూట్లు కొన్నాను. మర్నాడు బూట్లనూ అలాగే చూశాడు.

"ఇంకా మంచివి కొనాలంటావా?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"కాళ్ళే మార్పించుకోండి, ఆయనకి నచ్చేదాకా" అంది.

మనిషి ఆరడుగుల పైన ఉండేవాడు. అరవై దాటిన వయసు, చెవుల దాకా లాగిన టోపీ, నడుముకు తాళంచెవుల గుత్తి. ఆయన కనిపించడానికి ముందే గుత్తి వినిపించేది. గొట్టం దగ్గరికి వెళితే రెంచితో ఒక్క దెబ్బ కొట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. పై అంతస్తులో ఆసుపత్రి ట్రెయినింగులో ఉన్న మన తెలుగు డాక్టరుగారు ఒకసారి వేళాకోళానికి, "నా స్టెతస్కోపు ఇవ్వనా?" అన్నాడు. ఆయన తల కూడా తిప్పకుండా, "వద్దు. నువ్వే ఈ రెంచి తీసుకెళ్ళు. నీ పేషెంట్లు త్వరగా లేచి కూర్చుంటారు" అన్నాడు.

నా ఉద్యోగం పెద్ద పెద్ద బాయిలర్లు డిజైన్ చేసే కంపెనీలో. ఊరంతటికీ సరిపడా ఆవిరి పుట్టించే లెక్కలు కాగితం మీద వేస్తాను. మా బాత్రూంలో వేడినీళ్ళు రావాలంటే మాత్రం మూడంతస్తులు దిగి ఆయన్ని ప్రాధేయపడాలి. అదీ అంత తేలిక్కాదు.

"వేడినీళ్ళు రావట్లేదు సర్."

"ఎక్కడ?"

"త్రీ బీలో."

"త్రీ బీ ఏ వీధిలో?"

"ఈ వీధిలోనే సర్."

"ఈ వీధికి పేరు లేదా?"

నేను పేరు చెప్పేవాణ్ణి. ఆయన పన్నుపోటు వచ్చినవాడిలా కళ్ళు మూసుకునేవాడు. "జనరల్ ఏమయ్యాడు? ముందు జనరల్, తర్వాత పేరు. మీకోసం ప్రాణమిచ్చాడు ఇంజనీర్, రెండు మాటలు ఖర్చు పెట్టలేవా?"

"మాకోసం ఎందుకిస్తాడు సర్, మేం వచ్చింది మొన్న."

"ఇక్కడ అందరూ మొన్న వచ్చినవాళ్ళే" అనేవాడు. అది ఆయన ఊతపదం. ఎవరు ఎవరి మీద చాడీ చెప్పినా, ఇటలీవాళ్ళ వంట వాసన మీద మేమూ, మా పోపు వాసన మీద వాళ్ళూ చెప్పుకున్నా, ఇదే తీర్పు. తీర్పు చెప్పి రెంచి తీసుకుని వచ్చేవాడు.

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. ఇవాళ ఆయనెవరని అడుగుతోంది గానీ, అప్పుడు ఆ పేరు అచ్చం పోలెండు పిల్లలా పలికేది. అందుకని మా ఇంట్లో వేడినీళ్ళ శాఖ దానికి అప్పగించాం. అది కిందికి వెళ్ళి పేరు చెబితే చాలు, పైన కుళాయి బుస్సుమనేది. నేను నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివాను, అది ఒకటో క్లాసు చదువుతోంది.

ప్రతి ఆదివారం రెండింటికి ఆయన నల్ల సూటు, టై కట్టుకుని, టోపీ బదులు హ్యాటు పెట్టుకుని, బయటి మెట్ల మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నాలుగింటికి లేచి లోపలికి వెళ్ళి మళ్ళీ పనిబట్టలు వేసుకునేవాడు. మంచు కురిసినా అంతే. చర్చి నుంచి వచ్చి సేద తీరుతున్నాడని మేమనుకునేవాళ్ళం. డాక్టరుగారు మాత్రం, "ఎవరో ఆవిడ ఉండుంటుందండీ, మీకు తెలీదు" అనేవాడు.

సంగతి రాబట్టింది మా ఆవిడ. నాలుగు నెలలు మొహమాటపడుతూ నేను అడగలేనిది, పెరుగు తోడుకి పాలు కాగబెట్టినంత తేలిగ్గా అడిగేసింది. "యూ, ఫ్యామిలీ? నో బ్రదర్, నో సిస్టర్?" అంది ఆవకాయ గిన్నె చేతికిస్తూ. ఆయన గిన్నె పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే చెప్పాడట.

తమ్ముడున్నాడు. రెండేళ్ళు చిన్న. వాళ్ళ ఇంట్లో గోడ మీద జనరల్‌గారి పటం ఉండేదట. అమెరికాలో ఈయన పేరు మీద వీధి ఉందిరా అని వాళ్ళ నాన్న గొప్పగా చెబుతుండేవాడట. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి అన్నదమ్ములిద్దర్నీ రెండు వేర్వేరు రైళ్ళు ఎక్కించినప్పుడు, జనంలోంచి ఒకరికొకరు అరిచి చెప్పుకున్నారు: బతికితే అమెరికా. జనరల్‌గారి వీధి. ఆదివారం రెండు గంటలకి.

యుద్ధం అయిపోయాక ఆయన శరణార్థుల శిబిరాల్లో కొన్నేళ్ళు గడిపి ఓడ దిగాడు. దిగి చూస్తే, జనరల్‌గారి వీధి ఊరికొకటి ఉంది. "మేమిద్దరం అమెరికా అంటే ఒక ఊరనుకున్నాం" అని నవ్వాడట. నాకు ఆ మాటలో తప్పేం కనపడలేదు. "మా బావమరిది షికాగోలో ఉన్నాడు, సాయంత్రం వీలు చూసుకుని ఓసారి కనిపించు" అని మావాళ్ళు ఇప్పటికీ ఉత్తరాలు రాస్తారు.

ఓడ దిగిన రేవుకి దగ్గరగా ఉన్న జనరల్‌గారి వీధి మాది. తమ్ముడు దిగినా ఈ రేవులోనే దిగుతాడు, ముందు ఇక్కడే అడుగుతాడు అని లెక్కవేసుకుని, ఈ వీధిలో దొరికిన మొదటి పనిలో చేరాడు. తమ్ముడి ఎడమ పాదం కొంచెం లోపలికి తిరిగి ఉంటుంది. ముప్పై ఏళ్ళలో మొహం మారుతుంది, జుట్టు పోతుంది, పాదం మారదు.

"అందుకండీ మీ కాళ్ళు చూసింది" అంది మా ఆవిడ. నా కొత్త బూట్లు గుమ్మం పక్కన నిగనిగలాడుతూ ఉన్నాయి.

ఆ మరుసటి ఏడాది వీధి చివర పాత సబ్బు ఫ్యాక్టరీ పడగొట్టి దుకాణాల సముదాయం కట్టారు. కట్టినాయనకి ఈ వీధి పేరు నచ్చలేదు. కొనడానికొచ్చేవాళ్ళకి నోరు తిరగడం లేదనీ, దీన్ని ప్లాజా డ్రైవ్ అంటే వ్యాపారం పెరుగుతుందనీ ఊరి కౌన్సిల్‌కి అర్జీ పెట్టుకున్నాడు. అభ్యంతరాలుంటే ఫలానా తారీఖు సాయంత్రం సభలో చెప్పుకోవచ్చని కింద లాబీలో నోటీసు అంటించారు.

ఆ నోటీసు ముందు ఆయన చాలాసేపు నిలబడ్డాడు. మర్నాటి నుంచి కాగితం పట్టుకుని సంతకాలకి బయల్దేరాడు. వీధిలో పోలెండు వాళ్ళు మూడిళ్ళే మిగిలారు, తక్కినవాళ్ళు పచ్చికబయళ్ళున్న ఊళ్ళకి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం మేం. మా సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. వేడినీళ్ళకి ఆయన కావాలి, సంతకానికి మాత్రం అందరికీ పని తగిలింది. డాక్టరుగారు, "సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ముందుంది గురూగారూ, గవర్నమెంటుకి వ్యతిరేకంగా అంటారేమో" అన్నాడు. "వీధి పేరుకి గవర్నమెంటు ఏమిటండీ?" అంటే, "మీరు పెట్టండి ముందు, చూసి పెడతాను" అన్నాడు. నేను పెట్టాను. మా ఆవిడ చూస్తోంది గనక పెట్టాను. అయినా గీత కొంచెం అటూ ఇటూగా పెట్టాను, కావాలంటే నాది కాదనడానికి వీలుగా.

సభకి నాలుగు రోజుల ముందు ఆయన మా గుమ్మంలోకి వచ్చాడు. తాళాల గుత్తి చప్పుడు కాకుండా చేత్తో పట్టుకున్నాడు.

"ఇంజనీర్, నువ్వు మాట్లాడాలి."

"నేనా సర్? మీరే చెబితే బాగుంటుంది."

"నేను మైకు ముందు మా తమ్ముడి సంగతి చెబితే ఏడుస్తాను. ఏడ్చే ముసలాణ్ణి చూస్తే వాళ్ళు గడియారం చూసుకుంటారు. నువ్వు మాట్లాడగలవు. నేను విన్నాను."

ఆయన విన్నది నిజమే. మా తెలుగు సంఘం సభలు ఆ బిల్డింగు లాండ్రీ గదిలోనే జరిగేవి. నేను సంఘానికి సంయుక్త కార్యదర్శిని. వందన సమర్పణ నా సొత్తు. ఉగాదినాడు నలభై నిమిషాలు వందనాలు సమర్పించాను. బట్టలుతికే మిషన్లకి కూడా కృతజ్ఞత చెప్పానని గిట్టనివాళ్ళంటారు. అంతసేపూ ఒక్కరూ లేవకపోవడం ఆయన తలుపు దగ్గర నిలబడి చూశాడు. భోజనాలు నా తర్వాతేనని ఆయనకి తెలీదు.

ఒప్పుకున్నాను. ఎప్పుడూ ఎవరూ నన్ను మాట్లాడమని బతిమాలలేదు, మానెయ్యమనే బతిమాలారు. అందుకని ఒప్పుకున్నాను.

మా ఆవిడ నా కోటు దులుపుతూ, "మూడు నిమిషాలేనటండీ ఒక్కొక్కరికి. నోటీసులో ఉంది" అంది.

"తెలుసు."

"మీకు గొంతు సవరించుకోడానికే రెండు పడుతుంది. ముందు ఆ తమ్ముడి సంగతి చెప్పెయ్యండి. తర్వాత టైముంటే మీ ఇష్టం."

ఆ సలహా నేను పాటించి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

కౌన్సిల్ హాల్లో పొడుగాటి బల్ల వెనక ఏడుగురు కూర్చున్నారు. దుకాణాలాయన తరఫు లాయరు లేచి, తొంభై సెకండ్లలో చెప్పవలసింది చెప్పి కూర్చున్నాడు. ఎంత మోటు మనిషి, ఒక్క నమస్కారమైనా లేదు అనుకున్నాను. తర్వాత నన్ను పిలిచారు. మూడో వరసలో మా సూపర్ ఆదివారం సూటులో కూర్చుని ఉన్నాడు. హ్యాటు ఒళ్ళో పెట్టుకున్నాడు.

మైకు ముందు నిలబడగానే నాకు ఇరవై ఏళ్ళ అలవాటు పూనింది. గౌరవనీయులైన అధ్యక్షులవారికి, వేదికను అలంకరించిన పెద్దలకు, వేదిక ముందున్న పెద్దలకు, సోదర సోదరీమణులకు అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. వేదికను అలంకరించారనేసరికి ఒక సభ్యుడు బల్ల మీద ఏమన్నా పెట్టారేమోనని వంగి చూశాడు. ఈ అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞత చెప్పాను. నాకంటే ముందు మాట్లాడిన లాయరుగారి సమయపాలనను కొనియాడాను. మైకు సరిచేసిన అమ్మాయిని మరిచిపోతే బాగుండదని ఆమెనూ తలుచుకున్నాను. నేను వక్తను కాననీ, మీ వంటి పెద్దల ముందు నిలబడే అర్హత లేనివాణ్ణనీ కాస్త విపులంగా చెప్పాను. నిజంగా బాగా వచ్చింది. తలెత్తి, "ఇక అసలు విషయానికి వస్తే" అన్నాను.

గంట మోగింది.

"థాంక్యూ సర్. యువర్ టైమ్ ఈజ్ అప్" అన్నాడు అధ్యక్షుడు.

"ఇంకొక్క నిమిషం సర్."

"సారీ సర్. అందరికీ ఒకటే రూలు."

బల్ల చివర కళ్ళజోడు పెట్టుకున్న సభ్యురాలు ఒకామె పక్కాయన వైపు వంగి, "ఇంతకీ ఈయన పేరు ఉంచమంటున్నాడా, తీసెయ్యమంటున్నాడా?" అని అడిగింది. ఆమె ముందున్న మైకు ఆపలేదు. హాలంతా వినపడింది.

ఇంకెవరైనా మాట్లాడతారా అన్నారు. మా సూపర్ లేచాడు. మైకు దగ్గరికి రాలేదు, ఉన్నచోటే నిలబడ్డాడు. "ఒక మనిషి వస్తాడు" అన్నాడు. అందరూ చూస్తున్నారు. "అతని దగ్గర ఈ అడ్రసే ఉంది" అన్నాడు. కాసేపు హ్యాటు అంచు తిప్పి కూర్చున్నాడు.

"ఏ మనిషండీ?" అని అధ్యక్షుడు మర్యాదగానే అడిగాడు. చెప్పవలసినవాణ్ణి నేను, నా టైము అయిపోయింది.

పేరు మార్చాలని నలుగురు అటు, వద్దని ముగ్గురు ఇటు. కళ్ళజోడామె అటు వేసింది.

జనరల్‌గారికి అన్యాయం జరగకూడదని కౌన్సిల్ వెంటనే ఇంకో తీర్మానం చేసింది. దుకాణాల వెనక కట్టబోయే రెండంతస్తుల కార్ల పార్కింగుకి ఆయన పేరు పెడతారట. "వీధి కంటే అది పెద్దది" అని అధ్యక్షుడు అభినందించాడు. గుర్రపు దళం నడిపిన మనిషికి బండ్లు నిలిపే చోటు ఇచ్చారు.

ఇంటికి నడిచి వస్తుంటే నేను మాట కోసం వెతుక్కుంటున్నాను. నాకు మాట కోసం వెతుక్కోవలసి రావడం అదే మొదటిసారి. ఆయనే అన్నాడు. "అందంగా మాట్లాడావు ఇంజనీర్. అందరికీ థాంక్స్ చెప్పావు. మైకు పిల్లకి కూడా." అందులో వెటకారం ఉందేమోనని చాలా ఏళ్ళు వెతికాను. ఉంటే బాగుండేది.

మర్నాడు ఆయనతోపాటు పోస్టాఫీసుకి వెళ్ళాను. పాత పేరు మీద వచ్చే ఉత్తరాలు ఒక ఏడాది పాటు కొత్త పేరు మీదికి పంపిస్తామని గుమాస్తా భరోసా ఇచ్చాడు.

"వాడు ఉత్తరం కాదు. నడిచి వస్తాడు" అన్నాడు మా సూపర్.

ఆ నెలంతా ఆయన వేడినీళ్ళకి పేరు అడగలేదు. "త్రీ బీ" అంటే చాలు, వచ్చేవాడు. అది చూడలేక మా ఆవిడ నన్ను టెలిఫోను ముందు కూర్చోబెట్టింది. ఆ రోజుల్లో మనవాళ్ళు ఏ కొత్త ఊరికి వెళ్ళినా చేసే మొదటి పని, అక్కడి ఫోన్ల పుస్తకంలో రావులూ, రెడ్డిలూ, శాస్త్రులూ ఎంతమంది ఉన్నారో వెతికి, ముక్కూమొహం తెలియకపోయినా "నమస్కారమండీ, మీదే ఊరు?" అని పలకరించడం. అలా పోగైన నంబర్లు నా దగ్గర ఒక నోటుబుక్కుడు ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "మీ ఊళ్ళో జనరల్‌గారి వీధి ఉందా? అందులో ఏదన్నా బిల్డింగుకి సూపర్ కావాలా?" అని అడిగాను. ఈసారి మంగళాచరణం లేకుండా నేరుగా అడిగాను. పదకొండో ఫోన్‌కి, ఒహాయోలో ఒక సరస్సు ఒడ్డు ఊరి నుంచి ఒక రావుగారు, "ఉందండీ, మా ఆసుపత్రి వెనకే" అన్నారు.

అరవై అయిదేళ్ళ వయసులో ఆయన పనిముట్ల పెట్టె సర్దుకున్నాడు. "ఇక్కడికి వస్తే?" అని మాత్రం అడిగాడు.

"నేనున్నాను కదా సర్" అన్నాను.

బిల్డింగు గుమ్మంలో, ఒక్కో ఫ్లాటుకీ ఒక్కో మీట ఉండే గంటల పలక మీద త్రీ బీ ఎదురుగా నా ఇంటిపేరు తీసేసి, జనరల్‌గారి పూర్తి పేరు పెట్టాం. ఎవరన్నా ఆ పేరు వెతుక్కుంటూ వస్తే కనపడాలి కదా. పోస్టుమాన్ రెండు నెలలు నన్ను "గుడ్ మార్నింగ్ జనరల్" అని పలకరించాడు. తలుపు వెనక ఒక కాగితం అంటించాం. ఎడమ కాలు లోపలికి తిరిగిన పెద్దమనిషి ఎవరైనా ఈ వీధిని అడుగుతూ వస్తే లోపలికి పిలవండి, ఈ నంబరుకి ఫోన్ చేయండి, అని పైన నేను ఇంగ్లీషులో రాశాను. కింద ఆయన తమ భాషలో నాలుగు ముక్కలు రాశాడు. ఏం రాశాడో నేను అడగలేదు. నంబరు నాది.

రెండేళ్ళు తిరక్కుండా నేను పిస్కాటవేలో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయాను. "నేనున్నాను కదా" అన్న మనిషి ఉన్నది అంతే. వెళ్ళేటప్పుడు కొత్తగా దిగిన గుజరాతీ దంపతులకి కాగితం సంగతి చెప్పి ఒట్టు వేయించుకున్నాను. ఒహాయోకి ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపేవాణ్ణి. ఆయన దగ్గర్నుంచీ వచ్చేది, ఒకటే వాక్యం: ఇంకా రాలేదు. మూడేళ్ళ కిందట నా కార్డు తిరిగొచ్చింది. రావుగారికి ఫోన్ చేస్తే, "అయ్యో, మీకు తెలీదా అండీ" అన్నారు. ఆదివారం మధ్యాహ్నం, కుర్చీలోనే అట.

మా అమ్మాయి కారులో ఆ పేరు విన్న తర్వాత ఆదివారమంతా నాకు నిలకడ లేదు. సోమవారం ఆఫీసు నుంచి ఇంటికి రావలసినవాణ్ణి ఆ ఊరికి వెళ్ళాను. ప్లాజా డ్రైవ్ అని ఆకుపచ్చ పలక. దుకాణాల్లో సగం మూతపడ్డాయి. గంటల పలక మీద త్రీ బీ ఎదురుగా ఆ పేరే ఉంది. ఎవరో కొత్త అక్షరాలతో మళ్ళీ రాయించి పెట్టారు.

తలుపు తీసింది తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ. డెబ్భై ఏళ్ళుంటాయి. నా మొహం చూసి తెలుగులోనే, "రండి బాబూ. మావాడు ఆఫీసునించి రాలేదింకా" అంది. రాజమండ్రిలో బడిపంతులమ్మగా చేసి రిటైరైందట. కొడుకు దగ్గర ఆరు నెలలుండటానికి వచ్చింది.

తలుపు వెనక కాగితం అలాగే ఉంది. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

"ఈ ఇంట్లో దిగినవాళ్ళెవరూ దాన్ని తీయకూడదుట. ముందున్నవాళ్ళు మావాడికి చెప్పారు, వాళ్ళకి అంతకుముందున్నవాళ్ళు చెప్పారుట. ఎందుకో ఎవరికీ తెలీదు" అంది. "కింద ఆ అక్షరాలేమిటో ఏ భాషో తెలీలేదు. ఇంటికి రక్షరేకు కాబోలు, ఎందుకైనా మంచిదని శుక్రవారం శుక్రవారం బొట్టు పెడుతున్నాను. తప్పా బాబూ?"

"తప్పేం లేదండీ" అన్నాను. అని నంబరు చూశాను. అది నా పాత నంబరు. పిస్కాటవే వెళ్ళినప్పుడు ఫోన్ మారింది. బ్యాంకుకి చెప్పాను, ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పాను, తెలుగు సంఘం డైరెక్టరీలో మొదటి వారమే మార్పించాను. ఈ కాగితం మీద మార్చలేదు. ఏడేళ్ళపాటు, ఎవరైనా వచ్చి ఉంటే, ఈ ఇంట్లోవాళ్ళు మంచితనం కొద్దీ ఎవరూ ఎత్తని నంబరుకి ఫోన్ చేసి ఉంటారు.

జేబులోంచి పెన్ను తీసి, పసుపు చెరక్కుండా కొత్త నంబరు రాశాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూస్తోంది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. సంగతంతా చెప్పాను. రైళ్ళు, తమ్ముడు, పాదం, మూడు నిమిషాలు, అన్నీ. వందనాలు లేకుండా చెబితే మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

"అయితే ఆయనొస్తే ఏం చెయ్యమంటారు?" అంది.

"లోపలికి పిలిచి కాఫీ ఇవ్వండి. నాకు ఫోన్ చేయించండి. అరగంటలో ఉంటాను."

"వీధి పేరు మార్చేశారంటున్నారు కదా. ఫలానా వీధి ఇదేనా అని ఆయన అడిగితే?"

"ఇదేనని చెప్పండి."

ఆవిడ తలూపింది. "మరి మా అన్నయ్య ఏడీ అని అడిగితే?" అంది.

గ్లాసు కింద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"ముందు రానీయండి బాబూ" అంది ఆవిడ. "కాఫీ తాగాక నెమ్మదిగా చెబుదాం."